అది మురికి కాదు.. వాదీకి అన్నం!

శుక్రవారం వచ్చిందంటే ఒమన్‌లో ఉన్న మనవాళ్లకు వాదీలే గుర్తొస్తాయి. నలుగురం కలిసి బండి మాట్లాడుకుని, బిర్యానీ గిన్నె వెనకాల పెట్టుకుని వాదీ బనీ ఖాలిద్‌కో, వాదీ తీవీకో బయలుదేరతాం. వారమంతా ఎండలో మాడిన ఒంటికి ఆ నీళ్లు తగిలితే ఊళ్లో వాగుకు వెళ్లొచ్చినట్టే ఉంటుంది. ఇందులో తప్పేమీ లేదు. తప్పంతా తిన్న తర్వాత మనం చేసే పనిలోనే ఉంది.

నూనె గిన్నెలు ఆ మడుగులోనే తోముతాం. షాంపూ రుద్దుకుని అందులోనే మునుగుతాం. మిగిలిన అన్నం ‘చేపలు తింటాయిలే’ అని అందులోనే పోస్తాం. మేమూ ఇన్నాళ్లూ అదే చేశాం. రాళ్లకు పట్టిన పాచిని చూసి, ఎలాగూ మురికి నీళ్లే కదా అనుకున్నాం. అక్కడే పొరబడ్డాం.

చెట్ల నీడలో పారే వాగుల్లో రాలిన ఆకులే పురుగులకు తిండి. ఎడారి వాగు సంగతి వేరు. నీడ తక్కువ, ఎండ ఎక్కువ. ఆ ఎండను తిండిగా మార్చేది ఈ పాచే. దాన్ని నత్తలు, చిన్న చిన్న పురుగులు, తోకకప్పలు గీక్కుని తింటాయి. ఆ పురుగులను తూనీగ పిల్లలు పట్టి తింటాయి. రెక్కలు రాకముందు తూనీగ పెరిగేది నీళ్లలోనే మరి. మడుగులో కాళ్లు పెడితే చక్కిలిగింతలు పెట్టే చేపలు (శాస్త్రజ్ఞులు వీటిని ‘గారా’ అంటారు) పాచినీ తింటాయి, పురుగులనూ తింటాయి. రెక్కలొచ్చి పైకెగిరిన పురుగులు పిట్టలకు, సాలీళ్లకు, గబ్బిలాలకు ఆహారం. అడుగున పాచి చెడితే ఈ వరసంతా పస్తులే.

మరి వరదకు పాచి కొట్టుకుపోదా? పోతుంది. అమెరికాలో అరిజోనా ఎడారిలోని సికమోర్ క్రీక్ అనే వాగును శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి పరిశీలించారు. 1982లో అచ్చయిన వారి అధ్యయనం ప్రకారం, ఒక్కసారిగా వచ్చిన వరద నీటిపురుగులను దాదాపు మొత్తం ఊడ్చేసింది. అయినా రెండు వారాల్లోనే పాచి మళ్లీ బాగా పెరిగింది. గాలిలో తిరిగే రెక్కల పురుగులు దిగి గుడ్లు పెట్టాయి. వాగు మళ్లీ నిండుగా బతికింది. అంటే ఎడారి వాగుకు వరద అలవాటే. సబ్బు అలవాటు లేదు.

వరద ఒకరోజు వచ్చి పోతుంది. వానలు లేని రోజుల్లో చాలా వాదీల్లో పారకం తగ్గి మడుగులే మిగులుతాయి. అందులో కలిసిన సబ్బు ఎక్కడికి పోతుంది? చేపల మొప్పలను, పురుగు పిల్లల మొప్పలను దెబ్బతీస్తుంది. నీటిమీద నడిచే పురుగులకు పట్టు తప్పి మునిగిపోతాయి. మిగిలిన అన్నం కుళ్లి నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. వేడెక్కిన నీళ్లలో అది అసలే తక్కువ.

‘మనమొక్కళ్లమే చేస్తున్నామా? పెద్ద పెద్ద కార్లలో వచ్చేవాళ్లు చెత్త పడేయడం లేదా?’ అని అడిగేవాళ్లున్నారు. నిజమే, పడేస్తున్నారు. కానీ పక్క దేశం యూఏఈలో ఏం జరిగిందో చూడండి. ఫుజైరాలోని వాదీ వురయ్యాను 2009లో రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. జనం తాకిడి, చెత్త తగ్గకపోవడంతో 2013 చివర్లో సందర్శకులకు గేటు మూసేశారు. ఇక్కడా అలా మూస్తే కార్లవాళ్లు రిసార్టుకు పోతారు. క్యాంపులో ఉండే మనం ఎక్కడికి పోతాం?

ఇంకో మాట. కొన్ని వాదీల నీళ్లే ఫలజ్ కాలువల్లోంచి ఖర్జూరపు తోటలకు పారతాయి. కాలువ నీటి విలువ మనకు వేరే ఎవరైనా చెప్పాలా? ఊళ్లో మన పొలానికి వచ్చే నీళ్లలో ఎవరో సబ్బు కలిపితే ఊరుకుంటామా?

చేయాల్సింది పెద్ద పనేం కాదు. గిన్నెలు రూమ్‌కు తెచ్చుకుని తోముకుందాం. సబ్బు, షాంపూ బ్యాగులోంచి తీయొద్దు. మిగిలిన తిండి కవర్లో కట్టి వెనక్కి తెద్దాం. కొత్తగా వచ్చిన తమ్ముళ్లకు పెద్దవాళ్లే ఈ మాట చెప్పాలి.

మెతుకు కింద పడితే కళ్లకద్దుకునే వాళ్లం మనం. ఆ రాళ్లమీది పాచి కూడా అన్నమే.