కొండబాటలు - కార్చిచ్చు

చెఱకు పండించువాఁడు కాలువను జూచును. కాలువకు నీరిచ్చు కొండను జూచుట యరుదు. అనకాపల్లి చెఱకుతోఁటలకు ఆధారమైన శారదానది తూర్పుకనుమలలోఁ బుట్టి, దేవరాపల్లి చెంత రైవాడ జలాశయమును నింపి, మన పొలముల నడుమఁ బ్రవహించి సముద్రమును జేరుచున్నది. విశాఖపట్టణపు దాహమును సైతము ఆ జలాశయము కొంత తీర్చుచున్నది. ఆ కొండలమీఁది యడవి కాలినచో నష్టము కొండవారికి మాత్రమే కాదు. ఆకులలములు లేని నేలపైఁ దొలకరివాన పడఁగానే మట్టి కొట్టుకొనివచ్చి జలాశయము పూడును. నిలువవలసిన నీరు ఒక్కపెట్టున పాఱిపోవును.

ఇప్పుడు పట్టణవాసులు వినోదార్థము కొండబాటలు పట్టుచున్నారు. ఈ యలవాటు మంచిదే; దేశమును కాలినడకఁ జూడనివాఁడు దేశమును బూర్తిగా నెఱుఁగఁడు. కాని మాఘము మొదలు తొలకరి వఱకు, ఎండుగడ్డిలోఁ బాఱవేసిన చుట్టముక్క యొకటి కొండను గాల్చుటకుఁ జాలును. 2018 మార్చి 11వ తేదీన తమిళనాఁట తేని జిల్లా కురంగణి కొండలలో నడకకుఁ బోయినవారు కార్చిచ్చులోఁ జిక్కి, ఇరువదిమందికిఁ బైగా ప్రాణములు గోలుపోయిరి. నిప్పు ఎవరిదైనను అది మనుష్యుల నెంచి కాల్పదు.

నేఁడు భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహముల సాయమున మంటలను గుర్తించి వార్త పంపుచున్నది. వార్త వచ్చినంతమాత్రమున మంట యాఱదు. శిఖరముపై నిలిచి పొగను గనిపెట్టువారును, పచ్చికొమ్మలతో మంటను గొట్టి యార్పువారును గావలెను. అట్టివారు కొండపల్లెలలోనే యున్నారు. ఏ గాలి యెటు తిరుగునో వారికిఁ దెలియును.

1882 నాఁటి మదరాసు అడవుల చట్టముతోఁ బరాయిప్రభుత్వము అడవిని వారినుండి వేఱుచేసెను. 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున జరిగిన మన్యపు తిరుగుబాటునకు ఆ యన్యాయ మొక కారణము. స్వతంత్రభారతము 2006 నాఁటి అటవీహక్కుల చట్టమున అడవిని, నీటివనరులను గాపాడు నధికారమును గ్రామసభలకు నొసఁగినది. కాని కాగితముమీఁది యధికారము కడుపు నింపదు.

కావున ప్రభుత్వమువారు వేసవియందు ప్రతి కొండపల్లెనుండి గ్రామసభద్వారా కాపలాదారులను నియమించి, జీతమును నెలనెల తప్పక చెల్లింపవలెను. కొండ యెక్కువారు ఆ పల్లెవారినే దారిచూపుటకుఁ దోడ్కొని, తగిన కూలి యీయవలెను. శారదనీటితోఁ బండించుకొను రైతులు సైతము ఈ వ్యయమునఁ బాలుపంచుకొనుట న్యాయము. పూడిన జలాశయమును ద్రవ్వించుటకంటె కొండపై నొక కంటిని నిలుపుట సులభము.