సైటు మార్చండి, పాత లింకు మాత్రం తెంపకండి

ఇది కొంచెం టెక్నికల్ పోస్టు. మిగతావాళ్లు కూడా మధ్యలో వదిలేయకండి, మన సర్టిఫికెట్ల గోస కూడా ఇందులో ఉంది.

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు తమ డాక్యుమెంటేషన్ సైట్లను అప్పుడప్పుడూ కొత్త బిల్డ్ సిస్టమ్‌కి మారుస్తుంటాయి. బిల్డ్ సిస్టమ్ అంటే మామూలు టెక్స్ట్ ఫైళ్లలో రాసుకున్నదాన్ని వెబ్ పేజీలుగా తయారుచేసే సాధనం. మారడం తప్పని మేము అనట్లేదు. పైథాన్ వాళ్లు 2008లో 2.6 వెర్షన్‌తో లేటెక్ వదిలి స్ఫింక్స్‌కి వచ్చారు. కుబర్నెటీస్ 2018లో జెకిల్ నుంచి హ్యూగోకి మారింది. హ్యూగోతో పేజీలు త్వరగా తయారవుతాయి, ఒకే సైటులో అనేక భాషలు పెట్టుకోవచ్చు. తర్వాత ఆ సైటులో హిందీ, బెంగాలీ పేజీలు కూడా వచ్చాయి. మంచిదే.

మా గొడవ పాత లింకుల గురించి. సిస్టమ్ మారితే చాలాసార్లు ఫోల్డర్లు మారతాయి, పేజీ అడ్రస్ మారుతుంది. పాత అడ్రస్ నొక్కినవాణ్ని కొత్త చోటికి తీసుకెళ్లే రీడైరెక్ట్ పెట్టకపోతే 404 వస్తుంది. సిటీలో ఉన్నోడు మళ్లీ వెతుక్కుంటాడు. చర్ల, దుమ్ముగూడెం లోపలి ఊళ్లలో సిగ్నల్ కోసం గుట్టెక్కి నిలబడే మనోళ్ల సంగతేంటి? మా హాస్టల్లో సీనియర్ అన్నలు పనికొచ్చే లింకులు నోటుబుక్కులో రాసి జూనియర్లకు ఇచ్చి పోతారు. మొన్న సెలవుల్లో మాలో ఒకతను ప్రాజెక్టు కోసం అందులోవి ఏడు లింకులు కొడితే నాలుగు 404. డేటా అయిపోయింది, పొద్దు కూడా పోయింది.

అడ్రస్ మారడమంటే ఏంటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం 2014 దాకా ఖమ్మం జిల్లా. పోలవరం కోసం ఆంధ్రలో కలిపాక తూర్పు గోదావరి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. ఇల్లు అదే, శబరి అదే. ఇటు భద్రాచలం టౌనేమో 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. పాత ఎస్టీ సర్టిఫికెట్ మీద ఖమ్మం అని ఉంటే, "ఇది చెల్లదు, కొత్తది తే" అని కౌంటర్ దగ్గర తిప్పి పంపిన రోజులు మాలో కొందరికి ఇంకా గుర్తే. ఆ కాగితం చూసి, "ఓహో, ఈ ఊరు ఇప్పుడు ఫలానా జిల్లాలో ఉంది కదా" అని లోపలికి పంపే మనిషి ఉంటాడు చూడండి, రీడైరెక్ట్ అంటే అతనే.

ఆఫీసులో అలాంటి మనిషి దొరకడం కష్టం గానీ కంప్యూటర్లో తేలిక. హ్యూగోలో అయితే పేజీ పైన ఎలియాసెస్ అని పెట్టి పాత అడ్రస్ రాస్తే చాలు. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ, అడ్రసులు మార్చొద్దని 1998లోనే వ్యాసం రాశాడు. అయినా చాలామంది సైటు రంగులకు పెట్టిన శ్రద్ధ దీనికి పెట్టరు.

ఇంకోటి, ఆఫ్‌లైన్ కాపీ. పైథాన్ డాక్స్ మొత్తం జిప్‌గా దించుకోవచ్చు. భద్రాచలంలో దించుకుని ఊళ్లో చదువుకోవచ్చు. సిస్టమ్ మార్చేటప్పుడు ఇలాంటి సౌకర్యాన్ని పీకేయొద్దు.

మీరు వాడే ప్రాజెక్టు ఏదైనా సైటు మారుస్తుంటే పాత లింకులు ఒక్కొక్కటి నొక్కి చూసి, తెగినవాటిని ఇష్యూగా రాయండి. కోడింగ్ రాకపోయినా పర్లేదు. ఇంగ్లీషులో తప్పులు పోయినా ఎవరూ కొట్టరు.

మా నోటుబుక్కులోని ఆ నాలుగింటిలో రెండింటికి కొత్త అడ్రసులు దొరికాయి. పక్కనే ఎర్ర పెన్నుతో రాశాం. మిగతా రెండూ ఇంకా వెతుకుతున్నాం.