గృహవిజ్ఞానము: వెలికివచ్చు విద్య



పద్మవ్యూహమును జొచ్చుట యెఱిగి, వెలువడుట యెఱుగని యభిమన్యుని కథ మనకందఱకు దెలిసినదే. లాప్‌టాప్‌నకు బయటినుండి తగిలించు హార్డ్ డిస్కు విషయమున మనలో ననేకుల స్థితి యిట్టిదే. తగిలించుట పసివాండ్రకును దెలియును. తీయుట పెద్దలకును దెలియదు. మేము చేసిన యొక తప్పిదము మీయింట జరుగకుండుగాక యని యీ నెల యావిషయమే వ్రాయుచున్నాము.

బాల్యమున మాకు భాగవతము చెప్పిన గురువు మా నాయనగారే. వారు బ్రదికియుండగా వారి పద్యపఠనమును ఫోనులో రికార్డు చేసి, హార్డ్ డిస్కులో దాచితిమి. స్థలము చాలక ఫోనులోనివి తుడిచివేసితిమి. వారు నేడు లేరు. మొన్నటి వేసవిలో నొకనాడు మావారి బడి కాగితములను ఆ డిస్కులోనికి కాపీ చేయుచుంటిమి. అంతలో పొయ్యిమీద పాలు పొంగినవి. తెరపై పచ్చగీత నిండినది గదా యని తీగ లాగివేసి పరుగెత్తితిమి. మఱునాడు తగిలింపగా, డిస్కును ఫార్మాట్ చేయవలయునా యని లాప్‌టాప్ మమ్మడిగినది. మాకు కాలుసేతులాడలేదు.

పచ్చగీత నిండినంతమాత్రమున వ్రాత ముగిసినట్లు కాదు. పాలలెక్కను మనసున నుంచుకొని, తీరికవేళ పుస్తకమున కెక్కించు గృహిణివలె, కంప్యూటరు వేగము కొఱకు కొంత సమాచారమును తన మెమొరీలో నిలిపి, పిదప డిస్కుపై వ్రాయును. నడుమ పుస్తకము లాగికొన్నచో లెక్క చెడును. ఏ ఫైలు ఎచ్చట నున్నదో తెలుపు పట్టిక సగము వ్రాతలో నిలిచెనా, లోని ఫైళ్లు చెడకున్నను మనకు గానరావు. 2018లో వెలువడిన విండోస్ 10 యొక్క 1809 సంచిక మొదలు ఇట్టి యాలస్యము లేని యేర్పాటే ముందుగా నుండును. మావారు వేగము కొఱకని దానిని మార్చియుండిరి. ఏ యేర్పాటైనను, వ్రాత సాగుచుండగా లాగుట ప్రమాదమే.

యంత్రము నడుచుచుండగా తీగ తగిలించుట, తీయుట తప్పు కాదు. యూ.ఎస్.బి. మొనలో విద్యుత్తు నిచ్చు రేకులు సమాచారపు రేకులకంటె పొడవు. అవి ముందుగా తగులును, తుదకు విడును. తొందరవలన హాని కలుగునది వ్రాతకు.

కావున తీయుటకు ముందు, గడియారము చెంతనున్న గుర్తును నొక్కి "ఎజెక్ట్" చేయవలెను. పరికరము వాడుకలో నున్నదని యడ్డుచెప్పినచో, ఆ డిస్కులోని ఫైలుగాని, ఫోల్డరుగాని, పాటగాని తెఱచియున్నదేమో చూచి మూయవలెను. యాంటీవైరస్ దానిని వెదకుచున్నచో ముగియువఱకు ఆగవలెను. అప్పటికిని లొంగనిచో, షిఫ్ట్ మీటను నొక్కిపట్టి షట్ డౌన్ చేసి, దీపమాఱిన పిదప తీయవలెను. స్లీప్‌లో నుంచుట చాలదు. ఇట్టి డిస్కులు పెక్కింటిలో పళ్లెరములు నిమిషమునకు 5400 మార్లు తిరుగును; అవి నిలుచువఱకు పెట్టెను కదపరాదు.

తగిలించినను డిస్కు కనబడనిచో, మొదట తీగ మార్చి చూడుడు. పిదప వేఱొక రంధ్రమున, నడుమ హబ్ లేకుండ, తగిలింపుడు. పాత యూ.ఎస్.బి. 2.0 రంధ్రము 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 రంధ్రము 900 మిల్లీ ఆంపియర్లు ఇచ్చునట్లు నియమము. విద్యుత్తు చాలక డిస్కు మేల్కొనకపోవచ్చును. డిస్క్ మేనేజిమెంట్‌లో పేరు కనబడి, దాని కక్షరము లేనిచో, అక్షరము నిచ్చిన చాలును. లోపలినుండి టక్కుటక్కుమను చప్పుడు వచ్చినచో వెంటనే యాపి, తెలిసినవారికి జూపవలెను. ఫార్మాట్ చేయుమా యన్న ప్రశ్నకు మాత్రము ఎన్నడును ఔననరాదు. మరమ్మతుకు ముందు లోనిది మఱొక డిస్కునకు ఎత్తివ్రాసికొనవలెను.

మావారితో బనిచేయు కంప్యూటరు మాస్టరుగారు అట్లే చేసిరి. మూడు దినములకు నాయనగారి గొంతు మరల మాయింట వినబడినది. గజేంద్రమోక్షము మాత్రము రాలేదు. వారు మాకు మొదట నేర్పినది అదియే.

ఇప్పుడవి మూడుచోట్ల నున్నవి. ఒకటి మా తమ్ముని యింట. అక్కలారా, మీయింటి పెద్దల మాట, బిడ్డల తొలిపలుకు ఒక్క డిస్కులోనే యున్నచో, ఈ సాయంకాలమే రెండవ ప్రతి తీయుడు. పాలు పొంగినను పొంగనిండు. పాలు మరల కొనవచ్చును.