చర్మానికి కొవ్వు పంపే కబుర్లు

అమెరికన్ రచయిత జాన్ అప్‌డైక్ ఆత్మకథాత్మక వ్యాసాల సంపుటి ‘సెల్ఫ్ కాన్షస్‌నెస్’ 1989లో వెలువడింది. అందులో ‘ఎట్ వార్ విత్ మై స్కిన్’ అనే అధ్యాయం సోరియాసిస్‌కు సంబంధించినది. బాల్యంలో తట్టు సోకిన తరువాత మొదలైన ఆ వ్యాధి ఆయనను జీవితాంతం వెన్నాడింది. తల్లికీ అదే వ్యాధి ఉండేది. ఎండకు పొలుసులు తగ్గుతాయి గనుక సముద్రతీరానికి దగ్గరగా ఉన్న ఊరిని నివాసంగా ఎంచుకున్నారు. ఒక మనిషి జీవితంలోని పెద్ద నిర్ణయాలను చర్మం ఎంతగా శాసించగలదో ఇంత నిజాయితీగా చెప్పిన రచనలు అరుదు.

అయితే ఆ అధ్యాయంలో వ్యాధికి ఎల్లలు చర్మంతోనే ముగుస్తాయి. ఆనాటి వైద్యం కూడా చాలావరకు అలాగే భావించేది. మామూలుగా చర్మపు పైపొర పూర్తిగా మారడానికి సుమారు నెల రోజులు పడుతుంది. సోరియాసిస్‌లో అదే పని కొద్ది రోజుల్లోనే జరిగిపోయి, పొలుసులు పేరుకుంటాయి. కనుక దృష్టంతా ఆ పొలుసుల మీదనే ఉండేది.

ఆ పుస్తకం వచ్చిన ఐదేళ్లకు, 1994లో, న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ జన్యువును గుర్తించింది. అంతవరకు కొవ్వును శరీరం దాచుకున్న గాదెగానే తలచారు. అది రక్తంలోకి హార్మోన్లను వదిలే గ్రంథి కూడానని అప్పుడు స్పష్టమైంది. లెప్టిన్ మెదడుకు ఆకలి తీరిందని చెప్పడంతో ఆగదు. రోగనిరోధక కణాలను వాపు పుట్టించే దిశగా ఉసిగొల్పుతుంది. దీనికి విరుగుడు అడిపోనెక్టిన్. అది ఇన్సులిన్ పనిని సుగమం చేసి, వాపును చల్లారుస్తుంది. విచిత్రమేమంటే, కొవ్వు పెరిగిన కొద్దీ ఈ మేలు చేసే హార్మోను తగ్గిపోతుంది. సోరియాసిస్ రోగులలో లెప్టిన్ ఎక్కువగా, అడిపోనెక్టిన్ తక్కువగా ఉన్నట్లు అనేక అధ్యయనాలు చూపాయి. ఉబ్బిన కొవ్వు కణజాలం నుంచి వెలువడే టీఎన్‌ఎఫ్ అనే పదార్థమే చర్మంలోనూ మంట రేపుతుంది. దానిని అడ్డుకునే ఇంజెక్షన్లు నేడు ఈ వ్యాధికి వాడుకలో ఉన్నాయి.

అంటే పొట్టలోని కొవ్వు, మోచేతి మీది పొలుసు, గుండె రక్తనాళం ఒకే భాషలో కబుర్లు పంపుకుంటున్నాయన్నమాట. తీవ్రమైన సోరియాసిస్ ఉన్న యువకులలో గుండెపోటు ముప్పు హెచ్చుగా ఉందని బ్రిటన్ రోగుల వివరాలపై జరిగిన పరిశోధన 2006లో వెల్లడించింది. మధుమేహం, రక్తపోటు, కాలేయంలో కొవ్వు కూడా ఈ రోగులలో తరచుగా కనిపిస్తాయి. బరువు తగ్గిన స్థూలకాయులలో పొలుసులూ కొంత తగ్గుతాయి.

ఈ విషయం విదేశాల్లో ఉన్న తెలుగువారికి మరింత వర్తిస్తుంది. దక్షిణాసియా వాసులలో అదే బరువున్న ఐరోపా వాసుల కన్నా పొట్ట లోపలి కొవ్వు ఎక్కువ, అడిపోనెక్టిన్ తక్కువ. అందుకే అధిక బరువుకు సూచిక అయిన బీఎంఐ 25 అంకెను ఆసియా వాసుల విషయంలో 23 దగ్గరే పట్టించుకోవాలని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు సూచించారు. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి, చొక్కా గుండీల దగ్గర మాత్రమే పొట్ట తెలిసే మనిషికి 25ను ప్రమాణంగా పెట్టుకున్న పట్టిక ఏ హెచ్చరికా ఇవ్వదు. కనుక చర్మవైద్యుని గదిలో పూతమందు చీటీతో పాటు నడుము కొలిచే టేపు, రక్తపోటు పరీక్ష, చక్కెర, కొలెస్టరాల్ పరీక్షలు తప్పనిసరి కావాలి. ఇవేవీ ఖరీదైనవి కావు. కావలసిందల్లా అది తన పని కాదనుకునే అలవాటును వైద్యుడు విడిచిపెట్టడం.

ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంది. ‘లావు వల్లే వచ్చింది’ అనే మాట కొత్త నింద కాగలదు. పంతొమ్మిదో శతాబ్దంలో వైద్యులు స్పష్టంగా విడదీసేదాకా ఈ రోగులను కుష్ఠురోగులతో కలిపి చూసినవారున్నారు. అప్‌డైక్ 1976 నాటి తన కథకు ‘ఫ్రమ్ ద జర్నల్ ఆఫ్ ఎ లెపర్’ అని పేరు పెట్టడంలో ఆ గాయం కనబడుతుంది. ఆ సన్నని మనిషికి చిన్ననాడే, తల్లికి ఉన్న వ్యాధే వచ్చింది. వంశపారంపర్యం, గొంతులో చేరే సూక్ష్మక్రిములు, మానసిక ఒత్తిడి, కొన్ని మందులు నిప్పు రాజేయగలవు. కొవ్వు అందులో ఆజ్యం పోస్తుంది. ఆజ్యాన్ని తగ్గించమని రోగిని కోరడం వైద్యం. నిప్పు అతడే పెట్టుకున్నాడనడం అన్యాయం.

అప్‌డైక్ పుస్తకం నేటికీ వైద్యులు చదవదగినది. అందులో శరీరశాస్త్రం పాతబడినా, చొక్కా విప్పడానికి సంకోచించే మనిషి వేదన పాతబడలేదు. టేపు పట్టుకుని నడుము కొలిచే వైద్యుడు ఆ సంకోచాన్ని గుర్తుంచుకుంటే, రోగి రెండవసారి కూడా ఆ గదికి వస్తాడు.