పనిముట్టు చేతికి అలవడుట

పాయసము కలుపునపుడు అది అడుగంటుచున్న సంగతి మనకెట్లు తెలియుచున్నది? గిన్నె యడుగును తాకునది గరిటె కొనయే గాని మన వ్రేళ్లు కావు. అయినను ఆ స్పర్శ గరిటె కొనయందే కలిగినట్లు మనకు తోచును. పనిముట్టు చేతికి అలవడుట యనగా నిదియే. మెదడు దానిని చేతిలో నొక భాగముగా ఎంచుచున్నది.

ఈ సంగతి నేడు మన ప్రాంతపు స్త్రీలకు మిక్కిలి యవసరము. శంషాబాదులో 2008 మార్చి నెలయందు విమానాశ్రయము తెరువబడెను. గొల్లపల్లి, మామిడిపల్లి మున్నగు గ్రామముల పరిసరమున సుమారు 5,500 ఎకరముల భూమి దానికై సేకరింపబడెను. పొలము పోయిన చోట, చిన్ననాటినుండి కొడవలి పట్టిన చేయి కుట్టుమిషనునో, కంప్యూటరునో పట్టవలసివచ్చును. “ఈ వయసున మనకిది వచ్చునా?” యను సంశయము సహజమే. దానికి శాస్త్రజ్ఞులు చెప్పు సమాధానము ధైర్యము గొల్పునదిగా నున్నది.

1996లో జపానుదేశమున ఇరికి యను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును, చిన్న దంతెతో దూరమందలి యాహారమును లాగుకొనుట కోతులకు నేర్పిరి. అంతకుముందు చేతి చుట్టుపట్ల చోటును మాత్రమే గమనించు కొన్ని మెదడు కణములు, దంతెను వాడిన పిమ్మట, దాని కొనవఱకును గల చోటును గమనింపసాగెను. దంతెను ఊరక పట్టుకొన్నప్పుడు మాత్రము ఈ మార్పు కలుగలేదు.

వయసు మాట యందురా? 2008లో జర్మనీదేశమున సుమారు అరువదేండ్ల వారికి మూడు బంతులను ఎగురవేసి పట్టుట నేర్పిరి. మూడు నెలల సాధన ముగియునప్పటికి, నేర్చినవారి మెదడునందు కొన్ని భాగములు పెరిగినట్లు కానవచ్చెను. సాధన మానిన మఱి మూడు నెలలకు ఆ పెరుగుదల తగ్గెను.

కావున మేము చెప్పునదేమనగా, మొదటి దినములలో దారము తెగుటయు, కుట్టు వంకర పోవుటయు మందబుద్ధికి గుర్తులు గావు. మెదడింకను ఆ పనిముట్టును తనదిగా చేసికొనలేదు, అంతియే. నేర్చుకొనువారు దినమునకు కొంచెమైనను సాధన చేయవలెను. నెలల తరబడి విడువరాదు. ఇంటివారు “నీకు చేతగాదు, ఇటు తెమ్ము” అని పనిముట్టును లాగుకొనరాదు. ప్రక్కన నిలిచి చూచినంతమాత్రమున చేయి తిరుగదు. నేర్చునది అత్తగారైనను, కోడలైనను, కొన్నాళ్లు ఆ పనిముట్టును ఆమె చేతనే యుండనిండు.