ఫోన్ ధర ఒక్కటే కాదు

ముదిగుబ్బలో ఫోన్ కొనాలంటే నాలుగు అంగళ్లు తిరుగుతాం, బేరమాడతాం, వాయిదాలు కుదుర్చుకుంటాం. రీఛార్జి దగ్గర మాత్రం ఆ పట్టుదల చూపం. 2024 జూలైలో జియో, రోజుకు 1.5 జీబీ ఇచ్చే 28 రోజుల ప్లాన్‌ను 239 రూపాయల నుంచి 299కి పెంచింది. ఆ ఏడాది మన రాష్ట్రంలో ఉపాధి హామీ దినకూలి 300. నెలకోసారేగా అనుకుంటాం గానీ, ఏడాదికి 13 సార్లు కట్టాలి. మొత్తం 3,887 రూపాయలు. మూడేళ్లలో పదివేల ఫోన్ ధరను దాటేస్తుంది. వానలు మొహం చాటేసే ఈ సీమలో అది చిన్న మొత్తం కాదు. మాట్లాడటానికే ఫోన్ వాడే అవ్వాతాతలకు డేటా ఎందుకు? కాల్స్, ఎస్సెమ్మెస్‌లకే పరిమితమైన ప్లాన్లు పెట్టమని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది. అవి వచ్చాయి కూడా, అడిగి వేయించుకోండి. ఈ సంచికలో ప్రతి ఫోన్ ధర పక్కనా ఏడాది రీఛార్జి ఖర్చు కలిపి ఇచ్చాం.