మెట్ట మాటలు – 17: శెనక్కాయకు కంపెనీ ఎందుకు రాదు?



"మేడమ్, వ్యవసాయ పరిశోధనకు ప్రభుత్వమే ఎందుకు డబ్బు పెట్టాల? కంపెనీలు పెడతాయి కదా. మంచి విత్తనం ఎవరిచ్చినా ఒకటే కదా" అని ఈ మధ్య ఒక బీఎస్సీ అగ్రికల్చర్ విద్యార్థి నన్నడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. తెలుగు పాఠాలు చెప్పుకునేదానికి దీంతో ఏం పని అనుకోకండి. పరిశోధనకు ఎవరు డబ్బు పెడితే, దేన్ని పరిశోధించాలో వాళ్లే తేలుస్తారు. మనవాళ్ల చేతుల్లో ఉన్న నేల గురించి ఎవరు ఆలోచిస్తారన్నది మనకు బతుకు సమస్య.

దూరం పోవద్దు. మదనపల్లె చుట్టూ టమాటా పెట్టే రైతులు ఎక్కువగా కంపెనీ హైబ్రిడ్లే నాటుతారు. ఎకరాకు వంద గ్రాముల విత్తనం కూడా పట్టదు. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అని మన సామెత. హైబ్రిడ్ దగ్గర ఆ సామెత తిరగబడుతుంది. గింజ దాచి మళ్లీ వేస్తే అదే పంట రాదు. కాబట్టి ప్రతిసారీ కొనాల్సిందే. కంపెనీకి పెట్టిన ఖర్చు అక్కడ తిరిగొస్తుంది. వాటితో దిగుబడి పెరిగిన మాట నిజమే, కాదనను.

శెనక్కాయ అట్లా కాదు. తన పువ్వులో తానే పరాగ సంపర్కం చేసుకునే పంట. ఈ ఏడు కాయలు దాచుకుంటే వచ్చే ఏడూ అదే రకం. ఎకరాకు 60 నుంచి 80 కిలోల విత్తనపప్పు కావాలి. ఒకటికి పది రెట్లు పెరిగితే గొప్ప. ఇన్ని మూటలు మోసి, నిల్వ చేసి, ఒకసారి అమ్మితే రైతు మళ్లీ కొనడానికి రాకపోవచ్చు. కంపెనీకి ఇందులో మిగిలేదేముంది? అందుకే రాదు.

మరి మన చేన్లలోకి రకాలు ఎక్కడినుంచి వచ్చాయి? టీఎంవీ-2 తిండివనంలోని ప్రభుత్వ కేంద్రం 1940లో ఇచ్చింది. కదిరి-6 కదిరి కేంద్రానిది. నారాయణి, ధరణి, నిత్యహరిత మన తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో పుట్టాయి. రాగిలో వకుళ పెరుమాళ్లపల్లెది. అన్నీ ప్రజల డబ్బుతో, ఏళ్ల తరబడి పనితో వచ్చినవి.

మాల మాదిగ కుటుంబాలకు దక్కిన డీకేటీ భూములు ఎట్లాంటివో మీకు తెలుసు. బోరు ఉండదు, పడితే వాన, లేకుంటే బీడు. అక్కడ శెనక్కాయ, రాగి, ఉలవ, కందే దిక్కు. లాభం లేని పంటకు కంపెనీ రాదంటే, ఈ నేలకు పరిశోధనే రాదని అర్థం.

ఇక లెక్క చూడండి. 2024-25 కేంద్ర బడ్జెట్‌లో వ్యవసాయ పరిశోధన, విద్య శాఖకు కేటాయించింది 9,941 కోట్లు. అదే ఏడు ఎరువుల సబ్సిడీకి 1.64 లక్షల కోట్లు, అంటే పదహారు రెట్లు. సబ్సిడీ వద్దని నా వాదన కాదు. బస్తా మీద ఇంత పెట్టే ప్రభుత్వం, విత్తనం మీద ఆలోచన దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఎందుకు ముడుస్తోందని అడుగుతున్నా. ఆ ఖాళీలోకే కంపెనీలు వస్తున్నాయి. 2023లో ఐసీఏఆర్ అమెజాన్‌తో, బేయర్‌తో ఒప్పందాలు చేసుకుంది. వాటిలో మెట్ట రైతు అవసరానికి ఎంత చోటుందో అడగడం మన హక్కు.

ప్రైవేటు ఒక్కటే మిగిలితే ఏమవుతుందో పత్తి చెప్పింది. బీటీ పత్తి విత్తనం 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయలు దాటింది. అందులో ఎక్కువ భాగం మాన్‌శాంటో సాంకేతికతకు కట్టే రుసుమే. 2006లో మన రాష్ట్ర ప్రభుత్వం ఎంఆర్‌టీపీ కమిషన్ దాకా వెళ్లి కొట్లాడాక ధర 750కి దిగింది. ప్రభుత్వం దగ్గర సొంత ప్రత్యామ్నాయం లేనప్పుడు చేయగలిగింది ధర మీద తగువే.

అయితే ప్రభుత్వ పరిశోధన అంతా మనదేనా? కాదు. ఈ మాట కూడా మనమే చెప్పాలి. బీఎస్సీ అగ్రికల్చర్‌లో 40 శాతం సీట్లు రైతుల పిల్లల కోటా. దానికి కనీసం ఎకరా పొలం చూపించాలి. ఎస్సీ విద్యార్థి అయినా ఆ కోటాలోకి రావాలంటే ఎకరా ఉండాల్సిందే. మా అమ్మలాంటి వాళ్లు జీవితమంతా ఊరి చేన్లలో కలుపు తీసి, కాయ పీకి, రాత్రిళ్లు విత్తనాలు వలిచినా వాళ్ల పిల్లలు రైతు బిడ్డలు కారు! తెలంగాణలో ఆ కోటాలోనే కూలీల పిల్లలకు కొంత వాటా ఇచ్చారు. ఇక్కడెందుకు ఇవ్వరు? కలుపు తీసిన చేతుల ఇంటినుంచి శాస్త్రవేత్త వస్తే, కలుపు మందును పరీక్షించేటప్పుడు కూలి పోయే ఆడమనిషి సంగతి కూడా లెక్కలోకి వస్తుంది.

ఇంకొకటి. పరిశోధన సంస్థలకు ఎస్సీ ఉప ప్రణాళిక కింద విడిగా నిధులొస్తాయి. స్ప్రేయర్లు, విత్తన సంచులు, పార పలుగు పంచి, బ్యానర్ కింద ఫొటో దిగితే ఖర్చు చూపించేయొచ్చు. స్ప్రేయర్ రెండేళ్లకు పాడవుతుంది. అదే డబ్బుతో డీకేటీ నేలల మీద, కౌలు సేద్యం మీద, ఆడవాళ్ల నడుము వంగకుండా కాయ పీకే పనిముట్ల మీద పరిశోధన చేస్తే తరాలు నిలుస్తుంది.

కాబట్టి ఆ తమ్ముడికి నా జవాబు: ప్రభుత్వ పరిశోధనను కాపాడుకోవాలి, అందులో మన వాటా గుంజుకోవాలి. రెండూ ఒకేసారి జరగాలి. ఒకటి వదిలేస్తే రెండోదీ దక్కదు.

పని ఇక్కడినుంచి మొదలుపెడదాం. మీకు దగ్గరలోని పరిశోధన కేంద్రానికి సమాచార హక్కు కింద మూడు ప్రశ్నలు పంపండి. శాస్త్రవేత్తల పోస్టులు ఎన్ని, ఎన్ని ఖాళీ? ఎస్సీ ఉప ప్రణాళిక డబ్బులో పంపకానికెంత, పరిశోధనకెంత? ప్రయోగాలు జరిగిన రైతు పొలాల్లో డీకేటీ భూములెన్ని? జవాబులొచ్చాక కూర్చుని చదువుదాం.